రాడ్డు వేసిన తుంటికి బంతి పథ్యం: కాశీనగర్ వైపు ఒక మామ్మ కేసు

ఆపరేషన్‌కి వంక పెట్టడానికి లేదు. ఎక్స్‌రేలో రాడ్డు ఉండాల్సిన చోట ఉంది, విరిగినచోట కొత్త ఎముక కడుతోంది, కుట్లు ఎప్పుడో మానాయి. అయినా పది వారాలుగా మనిషి మంచం దిగలేదు. ఫిజియోథెరపిస్టునైన నన్ను పిలిపించింది కూడా నడిపించమని కాదు. నడుము కింద, తోక ఎముక దగ్గర చర్మం ఎర్రబడి చితుకుతోందని, పక్కకి ఎలా తిప్పాలో చూపించి వెళ్లమని.

తుంటి విరిగిన పెద్దవాళ్లు మా వైపు చాలామందే ఉంటారు. వాళ్లలో ఈ కేసే ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడ ఎముక తన పని తాను చేసుకుపోయింది. మనిషిని మంచానికి కట్టేసినవి వేరే: ఇంకో రకం ఆపరేషన్‌కి చెప్పిన జాగ్రత్తలు, నోరు కట్టేసిన పథ్యం, ఇంట్లోవాళ్ల ప్రేమ. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఇంట్లో పిల్లలు పిలిచినట్టే నేనూ ఆమెను మామ్మ అనే పిలిచాను.

పడక ముందు సంగతి

వయసు 74. ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ వైపు ఒక తెలుగు ఊరు. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. భర్త పోయి చాలా కాలమైంది, చిన్నకొడుకు దగ్గర ఉంటుంది. పడే ముందు రోజు వరకూ తన పని తనే చేసుకునేది. సవర గిరిజనులు కొండ మీంచి సంతకి తెచ్చే అడ్డాకు కట్టలు కొని, మధ్యాహ్నం వసారాలో నేల మీద కూర్చుని విస్తర్లు కుట్టేది. వచ్చే డబ్బు చిన్నదే, కానీ అది ఆమె సొంతం. ఈ వివరం చికిత్సకి ఎంత పనికొచ్చిందో తర్వాత చెబుతాను.

వానాకాలం రాత్రి పెరట్లోకి వెళ్తూ నాచు పట్టిన గచ్చు మీద జారి ఎడమ పక్కకి పడింది. పర్లాకిమిడిలో ఎక్స్‌రే తీశారు, అక్కడినుంచి నూరు కిలోమీటర్లకు పైనున్న బరంపురం. పడిన నాలుగో రోజున ఆపరేషన్ అయింది. ఇలాంటివి ఒకటి రెండు రోజుల్లో అయిపోతే మేలు. ఈ దూరాలు, రక్తం ఎక్కించడాలు, ఆరోగ్య కార్డు పనులు చూస్తే నాలుగు రోజులు మా దగ్గర వింతేమీ కాదు. ఆపరేషన్ ఖర్చు కార్డు మీద వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక నడిపించే పనికి మాత్రం ఏ కార్డూ లేదు.

బంతి వేరు, రాడ్డు వేరు

జనం రెండింటినీ "తుంటి ఆపరేషన్" అనే అంటారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. తొడ ఎముక పైన గుండ్రటి తల, దాని కింద సన్నటి మెడ ఉంటాయి. విరుగు మెడలో అయితే తలకు వెళ్లే రక్తం దెబ్బతింటుంది. పెద్ద వయసులో అది అతుక్కునే ఆశ తక్కువ, అందుకే తల తీసేసి లోహపు బంతి పెడతారు. మెడకు కింద, కండరాలు అతుక్కునే ఉబ్బుల మధ్య విరిగితే కథ మారుతుంది. అక్కడ రక్తప్రసరణ బాగుంటుంది, ఎముక అతుక్కుంటుంది. రాడ్డు వేసి, స్క్రూతో బిగించి వదిలేస్తారు. మామ్మది ఈ రెండో రకం.

బంతి మార్చినవాళ్లకి, ముఖ్యంగా వెనకవైపు నుంచి కోసి మార్చినవాళ్లకి, మొదటి కొన్ని వారాలు బంతి జారిపోయే భయం ఉంటుంది. అందుకే తుంటి 90 డిగ్రీలు దాటి వంచొద్దని, కాలు మీద కాలు వేయొద్దని, కింద కూర్చోవద్దని చెబుతారు. రాడ్డు వేసిన తుంటిలో సొంత బంతి, అది తిరిగే సొంత గిన్నెలోనే ఉంది. అక్కడ జారడానికేమీ లేదు.

ఎదురింటి పెద్దాయనకి కొన్నేళ్ల కిందట బంతి మార్చారు. ఆయనకి చెప్పిన జాగ్రత్తలన్నీ ఆయనే స్వయంగా వచ్చి, మంచి మనసుతో, ఈ ఇంటికి అప్పజెప్పాడు. వాటికి ఊరు ఇంకొకటి కలిపింది: అడుగు మోపితే రాడ్డు విరిగిపోద్దని. బరంపురంలో ఇచ్చిన కాగితంలో మాత్రం, నొప్పి ఓర్చుకున్నంత మేర బరువు మోపి వాకర్‌తో నడవాలని స్పష్టంగా రాసి ఉంది. ఆ కాగితం ఎక్స్‌రేలతో పాటు పాలిథీన్ కవర్లో బీరువా మీద ఉంది. వాకర్ వసారాలో ఉంది, దాని మీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి.

కోడలి సేవలో లోపం వెతకడానికి లేదు. ఒళ్లు తుడవడం, నోటికి అన్నం అందించడం, పక్క మార్చడం అన్నీ ఆమే. "లేవకత్తా, నేనున్నాను కదా" అన్నది ఆ ఇంట్లో రోజూ వినబడే మాట. మామ్మ నాతో అన్నది వేరు: "దేవుడి పటంలాగ ఒక మూల ఎట్టేసారు బాబూ నన్ను."

చూసినప్పుడు ఏం కనబడింది

బరువు 41 కిలోలు. ఎడమ తొడ చేతిలో పట్టేంత సన్నగా అయిపోయింది, కుడి తొడ కూడా పెద్ద మెరుగ్గా లేదు. రెండు మోకాళ్లూ పూర్తిగా చాపలేదు. హాయిగా ఉంటుందని మోకాళ్ల కింద దిండు పెట్టి ఉంచారు, ఆ దిండే మోకాళ్లను వంగినచోట బిగించింది. పాదాలు కిందికి వాలిపోయి మడమ నరం బిగుసుకుంది. ఎడమ కాలు ఒక సెంటీమీటరు మేర పొట్టి. పడుకుని ఎడమ కాలిని పక్కకి జరపగలదు, పైకెత్తి పక్కకి తీయలేదు. తుంటిని పక్కనుంచి నిలబెట్టే కండరాలు అంత బలహీనపడ్డాయన్నమాట. నిలబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో లెక్కపెట్టే పరీక్షలో ఆమె లెక్క సున్నా.

ఇదంతా పది వారాల పడక ఫలితం. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లని పరిశోధన కోసం పది రోజులు మంచం మీద ఉంచితేనే కాళ్లలో కండ దాదాపు ఒక కిలో తరిగిపోయిందని 2007లో అమెరికాలో లెక్కగట్టారు. ఈమె విరిగిన ఎముకతో, కోత గాయంతో, చారన్నం తింటూ పది వారాలుంది.

పడుకున్నప్పుడు బీపీ 136/80. కాళ్లు కిందికి వేసి కూర్చోబెట్టి రెండు నిమిషాలాగితే 108/66, కళ్లు బైర్లు కమ్మాయి. పై బీపీ 20 పడినా లెక్కలోకి తీసుకోవాలి, ఇక్కడ 28 పడింది. కూర్చోబెట్టినప్పుడల్లా "తల తిరుగుతోంది, పడుకోబెట్టండి" అనేదట. ఇంట్లోవాళ్లు దాన్ని నీరసమనుకున్నారు.

వ్యాయామం కంటే ముందు

ఇలాంటి చోట నేరుగా వ్యాయామం మొదలెట్టే ఫిజియోలంటే నాకు భయం. పర్లాకిమిడిలో డాక్టరుగారికి బీపీ లెక్కలు రాసి పంపాను. ఆయన బీపీ మాత్ర ఒకటి తగ్గించారు. ఆసుపత్రిలో నొప్పికి నిద్ర పట్టక మొదలైన నిద్రమాత్ర ఇంకా నడుస్తోంది, దాన్ని కొద్దికొద్దిగా తగ్గించి ఆపారు. నిద్రమాత్ర మత్తులో రాత్రి లేచి పడిపోయే పెద్దవాళ్లు ఎంతమందో. హిమోగ్లోబిన్ 9.2, దానికి మందు. విటమిన్ డి తక్కువ, దానికీ.

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా అడిగి మరీ చేయించాను. ఆమె పుట్టింటి సోంపేట వైపు ఉద్దానం ప్రాంతం. అక్కడ ఎక్కువగా కనబడే కిడ్నీ జబ్బు సంగతి ఇటువైపు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. పైగా కిడ్నీకి చేటుచేసే నొప్పి మాత్రలు కొడుకు మందులషాపులో కొని ఆమెకి రోజూ వేస్తున్నాడు. అదృష్టం, రిపోర్టు బాగానే వచ్చింది. ఆ మాత్రలు ఆపించి, అవసరమైనప్పుడు పారాసెటమాల్ చాలన్నారు డాక్టరుగారు. కిడ్నీ బాగుందని తేలాకే తిండిలో మాంసకృత్తులు పెంచే మాట ఎత్తాను.

తిండి దగ్గర పెద్ద పోరాటమే జరిగింది. పప్పు తింటే కోత చీము పడుతుందని, గుడ్డు వేడని, చేప దురదని, మొత్తానికి ఆమెకి దక్కింది చారన్నం, రెండు పూటలా కాఫీ. నేను లెక్కగడితే రోజుకి 15 గ్రాముల మాంసకృత్తులు కూడా దాటడంలేదు. కోలుకుంటున్న పెద్దవాళ్లకి కిలో బరువుకి కనీసం 1.2 గ్రాములు, అంటే ఈమెకి 50 దాకా కావాలి. పౌడరు డబ్బా కొంటామన్నాడు కొడుకు. అక్కర్లేదన్నాను. రెండు గుడ్లకి 12, గ్లాసు పాలకి 6, యాభై గ్రాముల కందిపప్పుకి 11, పావుకిలో బియ్యం తినగలిగితే అందులో 18 దాకా వస్తాయి. పైన ఉలవలో, నాలుగు ఎండుచేప ముక్కలో. ఎండుచేపకి ఉప్పు, బీపీ అడ్డమొస్తాయి కాబట్టి అది వారానికి ఒకసారే. కుట్లు మాని రెండు నెలలైంది, ఇక చీము ఎక్కడినుంచి పడుతుందని అడిగితే కోడలు నవ్వేసింది. గుడ్డు మర్నాడే మొదలైంది. పప్పు ఒప్పుకోవడానికి మామ్మకే ఇంకో వారం పట్టింది.

ఇటుకలు, ఇసుక

"కరెంటెట్టవా బాబూ?" అని అడిగింది మామ్మ మొదట్లోనే. మా వైపు ఫిజియోథెరపీ అంటే కరెంటు. నొప్పికి దాని ఉపయోగం దానికుంది, కానీ పోయిన కండ మిషన్ తగిలిస్తే రాదు. పెద్దవాళ్లకి వ్యాయామం చెప్పేటప్పుడు మా వృత్తిలో ఎక్కువమంది చేసే పనేమిటంటే, పాదం పైకీ కిందికీ ఆడించమని చెప్పి వెళ్లిపోవడం. అది రక్తం గడ్డకట్టకుండా మొదటి వారంలో పనికొస్తుంది. మూడో నెలలో కూడా అదే చేయిస్తే ఆ మనిషి అక్కడే ఉండిపోతుంది. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం తొంభై ఏళ్ల వృద్ధాశ్రమవాసుల చేత ఎనిమిది వారాలు గట్టి బరువులు ఎత్తించింది. పూర్తిచేసిన తొమ్మిదిమందిలో కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగినది 74లో పెరగదా? బరువు సరిపోవాలి, అంతే. పదిసార్లు ఎత్తాక ఇంకో రెండుసార్లు మాత్రమే ఎత్తగలను అనిపించే బరువే మందు. ఇంకో ముప్ఫైసార్లు ఎత్తగలిగితే బరువు చాలనట్టే.

మొదటి సామాను ఇటుకలు. ఆమె పడుకునేది నులకమంచం, మధ్యలో కుంగిపోయి ఉంటుంది. దాంట్లోంచి లేవడం నాకే కష్టం. గట్టి చెక్కమంచం మార్పించి, నాలుగు కోళ్ల కిందా మూడేసి ఇటుకలు పడుకోబెట్టి పేర్పించాను. మంచం ఎత్తు పెరిగితే లేవడానికి కావాల్సిన బలం తగ్గుతుంది. ఆ ఎత్తునుంచి, చేతులతో వాకర్ కాకుండా మంచం అంచునే నొక్కి, ముందుకి వంగి లేవడం నేర్పాను. ముందుకి వంగడమే అందులో అసలు కిటుకు. భయంతో వెనక్కి వాలే మనిషిని ఎంతమంది పట్టుకున్నా లేపలేరు. పది చొప్పున రెండు విడతలు తేలికైపోయినప్పుడు కోళ్ల కింద ఒక్కో ఇటుక తీసేశాం. ఎన్ని ఇటుకలు మిగిలాయో లెక్క మనవడు గోడ మీద బొగ్గుతో రాసేవాడు. నా కేస్‌షీటు కంటే అదే నమ్మకమైన రికార్డు.

రెండోది వంశధార ఇసుక. పాత చీర గుడ్డతో సంచులు కుట్టి, తూచి అరకిలో, కిలో, రెండు కిలోలవి తయారుచేసింది కోడలు. చీలమండకి కట్టి మోకాలు చాపడం, పక్కకి తిరిగి పడుకుని కాలు పైకెత్తడం. ఎడమ కాలు పక్కకి ఎత్తడంలో మొదట అసలు బరువే లేదు, కాలి బరువే ఎక్కువ. రోజు విడిచి రోజు బలం పని, మిగతా రోజుల్లో నడక. మోకాళ్ల కింద దిండు తీయించేశాను. దానికి మామ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

వాకర్ ఎత్తు సరిచేయాల్సి వచ్చింది. షాపులో ఇచ్చిన ఎత్తులోనే ఉంది, ఆమెకి భుజాల దాకా వస్తోంది. చేతులు కిందికి వేలాడేసి నిలబడితే మణికట్టు దగ్గరకి పిడి రావాలి. గడప దాటడానికి రెండువైపులా ఇసుకబస్తా పరచి వాలు చేశాం. పెరటి గచ్చు మీద నాచు బ్లీచింగ్‌తో తోమించి, దొడ్డిదాకా తాడు కాకుండా వెదురు పట్టుకొమ్మ కట్టించాం. తాడు ఊగుతుంది. కొడుకు మధ్యలో రంధ్రం కోసి తయారుచేసిన ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు జారుతున్నాయి, దాన్ని పక్కన పెట్టించి చేతుల పిడులున్న కమోడ్ కుర్చీ కొనిపించాను. ఈ కేసులో డబ్బు పెట్టి కొన్న పెద్ద వస్తువు అదొక్కటే.

వాకర్ వదిలి ఊతకర్ర పట్టేటప్పుడు అందరూ చేసినట్టే ఇంట్లోవాళ్లు కర్రని దెబ్బ తగిలిన వైపు, ఎడమ చేతికి ఇచ్చారు. కర్ర కుడిచేతిలో ఉండాలి. ఎడమ కాలి మీద నిలబడినప్పుడు కుడివైపు నడుము కిందికి వాలుతుంది. ఆ వాలుని ఎడమ తుంటి పక్క కండరం పట్టుకోవాలి, కుడిచేతిలోని కర్ర దానికి సాయం చేస్తుంది. కర్ర ఎడమచేతికిస్తే మనిషి ఇంకా ఎడమకి ఒరుగుతుంది. ఇది చెబితే వినరు, రెండు రకాలుగానూ నడిపించి చూపిస్తే ఆమే తేల్చుకుంది.

నేల దిగడం

నేను మొదలెట్టిన ఏడో వారంలో వాకర్‌తో వసారా దాకా వచ్చి, ఒకరోజు తడికాలు జారి వాకర్ మీద వాలింది. పడలేదు. కానీ ఆ తర్వాత వారంపాటు నన్ను చూడగానే కళ్లు మూసుకుని పడుకునేది. కండరాలు బాగానే ఉన్నాయి, భయం పట్టుకుంది. "పడను" అని నమ్మించడం అనవసరం, ఆ మాటకి విలువ లేదు, ఎవరైనా పడొచ్చు. పడినా లేవగలనని ఆమెకి తెలియాలి. నేల మీదనుంచి లేవడం అప్పుడే నేర్పాలనిపించింది. పెద్దవాళ్లు పడ్డాక దెబ్బ చిన్నదైనా లేవలేక గంటల తరబడి అలాగే పడి ఉండడం వల్ల జరిగే నష్టం తక్కువది కాదు.

ఇక్కడ ఎదురింటి పెద్దాయన మళ్లీ వచ్చాడు. కింద కూర్చోబెడితే తుంటి ఊడిపోద్దని. నేను ఆయన ఎక్స్‌రే తెమ్మన్నాను. ఆయనదీ మామ్మదీ పక్కపక్కన కిటికీ వెలుగులో పెట్టి చూపించాను. ఒకదాంట్లో తెల్లటి లోహపు తల, ఇంకోదాంట్లో సొంత తల. రాడ్డు, బంతి తేడా ఆ ఇంట్లో అందరికీ ఆ రోజే అర్థమైంది. మామ్మ మాత్రం ఎక్స్‌రే వంక కాకుండా ఆయన వంక చూసి "మరి నన్నెందుకలా భయపెట్టావురా అన్నయ్యా" అంది. అయినా నా మాట ఒక్కటే చాలదని ఆపరేషన్ చేసిన డాక్టరుగారికి ఐదో నెల ఎక్స్‌రే చూపించి, నేల మీద కూర్చోవడానికి అనుమతి రాయించుకున్నాం. బంతి వేసినవాళ్లు దీన్ని చదివి సొంతంగా కింద కూర్చోకండి. మీ డాక్టరు చెప్పిందే మీకు.

దిగడం అంచెలంచెలుగా నేర్పాం. చెక్కమంచం, ఇటుకలు లేకుండా. తర్వాత అడుగు ఎత్తు స్టూలు. తర్వాత వంటింటి పీట. చివరికి నేల. లేచేటప్పుడు కుడి పక్కకి ఒరిగి మోచేతి మీద లేవాలి, అక్కడినుంచి మోకాళ్లూ చేతుల మీదకి రావాలి, మంచం దాకా పాకాలి. రెండు చేతులూ మంచం పట్టె మీద వేసి, బలమున్న కుడి పాదం ముందుకి పెట్టి, నొక్కి లేవాలి. మోకాళ్ల కింద మడతపెట్టిన గోనెసంచి. మొదట మంచం పట్టుకుని మోకాళ్ల మీద నిలబడడం దాకా, తర్వాత పాకడం దాకా, ఇలా పైనుంచి కిందికి ఒక్కో అంచె కలుపుకుంటూ వెళ్లాం. ఏ అంచెలో ఆగిపోయినా దానికి పై అంచె ఆమెకి వచ్చినదే కాబట్టి బెదురు తగ్గింది.

ఈ పనికి ఆమెని కూర్చోబెట్టింది అడ్డాకు కట్ట. "తుంటి బలం కోసం" అంటే ఒక్కసారి చేసి ఆపేసేది. కట్ట పీట పక్కన పెడితే పీట మీదకి తనంతట తనే దిగింది.

ఇప్పుడెక్కడ ఉంది

నేను మొదలెట్టిన ఆరో వారంలో, కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి వాకర్‌తో 41 సెకన్లు పట్టింది. మూడో నెల చివరికి కర్రతో 24. ఆరో నెలకి 17. అరనిమిషంలో లేచే లెక్క సున్నా నుంచి ఎనిమిదికి వచ్చింది. ఆ వయసు ఆడవాళ్లకి పది కంటే తక్కువైతే పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క, మూడు మీటర్ల నడకలో 12 సెకన్లు దాటినా అంతే. అంటే కాగితం మీద ఆమె ఇంకా ప్రమాదంలోనే ఉంది. అది ఇంట్లో దాచకుండా చెప్పాను. రాత్రి పెరట్లోకి ఒక్కతీ వెళ్లకూడదు, మంచం పక్కన లైటు ఉండాలి. బరువు 45 కిలోలకి చేరింది. నడుము దగ్గరి పుండు మూడో వారానికే మానిపోయింది.

రానివీ ఉన్నాయి. బాసింపట్టు వేయలేదు, ఎడమ కాలు చాపుకునే కూర్చుంటుంది. పొట్టి కాలికి చెప్పు ఎత్తు చేయించలేదు. ఇంట్లో అందరూ చెప్పుల్లేకుండానే తిరిగే చోట ఒక సెంటీమీటరు తేడాకి దానివల్ల లాభం తక్కువ. అలసిపోయిన సాయంత్రాల్లో నడుము ఇంకా పక్కకి వాలుతుంది.

పెద్ద లోటు ఇంకోటుండేది. నిలబడిన ఎత్తునుంచి పడి తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయనే అర్థం, రెండో తుంటికీ అదే గతి పట్టొచ్చు. ఎముక గట్టిపడే మందు మొదలెట్టాలని మొదట్లో ఎవరూ అనుకోలేదు. విటమిన్ డి సరిపడ్డాక డాక్టరుగారు ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇచ్చారు. రెండో ఏడాది డోసు తేదీ కూడా గోడ మీద బొగ్గుతో రాయించాను.

విస్తర్లు ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు కుడుతోంది, అరగంటకోసారి లేవాలన్న షరతు మీద. లేచేటప్పుడల్లా కుడి కాలే ముందు కాబట్టి ఈ మధ్య కుడి మోకాలు నొప్పంటోంది. ఎక్స్‌రేలో కొద్దిపాటి అరుగుదల ఉంది. మెట్టు ఎక్కిదిగే వ్యాయామం మొదలెట్టాం, ఇప్పటికి నాలుగు అంగుళాల మెట్టే. ఎడమ కాలు ముందు పెట్టి లేవడం కూడా నేర్పుతున్నాం, అది ఇంకా రాలేదు.